పాత వెండి రూపాయి ఎంత అరిగిందో చూసి గ్రేడు కట్టడం ఎలా

అమ్మమ్మ ఇనప్పెట్టెలో, పసుపు గుడ్డ మూటలో మాకు పదకొండు వెండి రూపాయలు దొరికాయి. ఎనిమిది జార్జి బొమ్మవి, రెండు విక్టోరియా రాణివి, ఒకటి చార్మినార్ బొమ్మది. బజారులో ఒక నగల దుకాణానికి తీసుకెళ్తే అన్నింటినీ కలిపి త్రాసులో పోసి వెండి లెక్క కట్టారు. నాణేలు సేకరించే పెద్దాయన ఒకరు మాత్రం ఒక్కొక్కదాన్నీ అంచులు పట్టుకుని, దీపం కింద తిప్పి తిప్పి చూశారు. జార్జి రూపాయి ఒకటి తీసి పక్కన పెట్టి, "దీన్ని మిగతా వాటితో కలపకండి" అన్నారు. నా కంటికి అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఆయన ఏం చూశారో నేర్చుకోవడానికి నాకు చాలా రోజులే పట్టింది. మీ ఇంట్లోనూ అలాంటి మూట ఉంటే, దాన్ని ఎవరికైనా చూపించే ముందు మీరే కూర్చుని చూసుకోండి. ఎలా చూడాలో వరుసగా చెబుతాను.

ఉదాహరణకి 1918 నాటి అయిదో జార్జి రూపాయిని తీసుకుంటున్నాను, ఎందుకంటే మన ఇళ్ళలో ఎక్కువగా దొరికేది అదే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇండియాలో వెండికి కటకట వచ్చింది. 1917 చివర్లో ఒక రూపాయి కాగితం నోటు వేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది అమెరికా తన వెండి డాలర్లను కరిగించడానికి చట్టం చేసి, దాదాపు 26 కోట్ల డాలర్ల వెండిని బ్రిటన్‌కు అమ్మింది. ఆ వెండి వచ్చింది మన రూపాయిల కోసమే. 1918 సంవత్సరం వేసిన రూపాయిలు కలకత్తా, బొంబాయి టంకశాలలు రెండూ కలిసి 40 కోట్లకు పైగా కొట్టాయి. అంత విరివిగా ఉన్న నాణెం కాబట్టి ఆ సంవత్సరం వల్ల ధర రాదు. అది ఎంత తక్కువ అరిగిందన్నదే లెక్కలోకి వస్తుంది.

ముందు చేయకూడని పని

తోమకండి. నాణెం నల్లగా ఉన్నా, మకిలి పట్టినా, అక్షరాల సందుల్లో కుంకుమ గడ్డకట్టినా సరే.

నాకు పన్నెండేళ్ళప్పుడు వరలక్ష్మీ వ్రతం నాడు కలశం దగ్గర పెట్టడానికి అమ్మమ్మ ఒక విక్టోరియా రూపాయి తీసింది. మెరవాలని నేను దాన్ని చింతపండుతో, బూడిదతో బాగా తోమాను. తళతళలాడింది, ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. అదే నాణేన్ని ఇప్పుడు భూతద్దంలో చూస్తే రాణి చెంప మీద, వెనకున్న ఖాళీలో వెంట్రుకల్లాంటి సన్నని గీతలు వందలు కనబడతాయి. అవన్నీ ఒకే వైపుకి, నా చెయ్యి నడిచిన దారినే ఉన్నాయి. ఆ గీతలు ఇక పోవు. తెలిసినవాళ్ళు ఎవరు చూసినా ముందు వాళ్ళ కంట పడేది అవే.

వెండి నల్లబడడం అంటే పైన ఏదో మురికి పేరుకోవడం కాదు. గాలిలోని గంధకపు వాయువుతో కలిసి వెండి పైపొరే మారిపోతుంది. దాన్ని రుద్దితే నలుపుతో పాటు ఆ పలుచని పొర కూడా పోతుంది, దానిలో ఉన్న టంకశాల నాటి మెరుపూ పోతుంది. పీతాంబరి, టూత్‌పేస్టు, వంట సోడా, నగల దుకాణం వాళ్ళు ముంచే ద్రావకం అన్నీ ఇంతే.

పసుపు కుంకుమలు అతుక్కుని ఉంటే ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రాత్రి నానబెట్టండి. తీసి, మెత్తటి నూలు గుడ్డ మధ్య పెట్టి అద్దండి, తుడవకండి. దీపారాధన నూనె జిడ్డు ఉంటే అసిటోన్‌లో కాసేపు ముంచవచ్చు. కిటికీలు తెరిచిపెట్టి, పొయ్యికి, దీపానికి దూరంగా చేయండి. అక్కడితో ఆపేయండి. ఏమైనా మిగిలితే ఉండనివ్వండి.

దీపం, భూతద్దం, త్రాసు

ట్యూబ్‌లైటు కింద గ్రేడు కట్టలేరు. ఆ వెలుగు అన్ని వైపులా సమానంగా పరుచుకుంటుంది కాబట్టి గీతలూ, అరుగుదలా దాగిపోతాయి. గదిలో లైట్లు ఆర్పి, ఒకే బల్బు ఉన్న టేబుల్ ల్యాంపు పెట్టుకోండి. కింద మడత పెట్టిన టవలు పరవండి, చెయ్యి జారినా నాణేనికి నొక్కు పడదు. భూతద్దం 5 రెట్ల నుంచి 10 రెట్ల వరకు పెద్దది చేసి చూపించేది చాలు. అంతకంటే ఎక్కువైతే ప్రతి చిన్న గీతా లోయలా కనిపించి అనవసరంగా టెన్షన్ పడతారు. గ్రాములో వందో వంతు చూపించే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఒకటి కావాలి. నాణేన్ని ఎప్పుడూ అంచులతోనే పట్టుకోండి, బొమ్మ మీద వేలు పెట్టకండి. వేలి జిడ్డు కొన్ని నెలల తర్వాత ముద్రలా నల్లబడి బయటపడుతుంది.

తూకంతో మొదలుపెట్టండి

మన పెద్దవాళ్ళు "రూపాయి ఎత్తు" అనేవారు, మందుల్లోనూ వంటల్లోనూ. అది ఉత్త మాట కాదు. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి సరిగ్గా ఒక తులం, అంటే 180 గ్రెయిన్లు, 11.66 గ్రాములు. (ఇప్పుడు దుకాణాల్లో తులం అంటే పది గ్రాములైపోయింది కాబట్టి ఈ పాత లెక్క చాలామంది మరిచారు.) అర్ధరూపాయి 5.83, పావలా 2.92 గ్రాములు. వెండి 91.7 శాతం, మిగతాది రాగి. కాబట్టి నిండు రూపాయిలో అసలు వెండి దాదాపు 10.69 గ్రాములు.

అరుగుదల తూకంలో ముందే చెబుతుంది. 1906 నాణేల చట్టం ప్రకారం రూపాయి తన తూకంలో రెండు శాతానికి మించి తరగకుండా ఉంటేనే చెల్లుబాటు. అంటే 11.43 గ్రాముల దాకా సరే, అంతకంటే తగ్గితే షరాబు (నాణేలు పరీక్షించే వ్యాపారి) తీసి పక్కన పడేసేవాడు. ఈ హద్దు ఇవాళ మనకి మంచి కొలబద్ద. 11.60 పైన ఉంటే పెద్దగా చేతులు మారలేదన్నమాట. 11.43 కంటే తక్కువ తూగిందంటే బాగా అరిగింది, లేదా ఎవరో అంచు గీరారు, లేదా నకిలీ. మా మూటలోని 1918 రూపాయి ఒకటి 11.52 తూగింది. తరుగు 0.14 గ్రాములు, ఒక శాతం చిల్లర.

అనుమానం ఉంటే నీళ్ళ పరీక్ష చేయండి. దీనివల్ల నాణేనికి ఏ హానీ లేదు. చిన్న గ్లాసులో నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. సన్నని దారంతో నాణేన్ని కట్టి, గ్లాసు అడుగుకీ గోడకీ తగలకుండా పూర్తిగా మునిగేలా వేలాడదీసి పట్టుకోండి. త్రాసు మీద కనిపించిన అంకెతో నాణెం తూకాన్ని భాగించండి. మా రూపాయికి 1.11 వచ్చింది. 11.52ని 1.11తో భాగిస్తే 10.4కి కొంచెం తక్కువ. 91.7 శాతం వెండికి 10.3 దగ్గర రావాలి, ఇంట్లో చేసే కొలతకి ఇంత తేడా మామూలే. 9కి దగ్గరగా వస్తే అది రాగో, నికెల్ కలిసిన లోహమో అయి పైన వెండి పూత పూసినది కావచ్చు.

గీటురాయి మీద మాత్రం ఎవరినీ గీయనివ్వకండి. వెండి వస్తువుకి అది పరీక్షే గానీ పాత నాణేనికి అది దెబ్బ.

ఇది ఏ రూపాయో తెలుసుకోండి

తూకం, లోహం రకాన్ని, కాలాన్ని బట్టి మారతాయి కాబట్టి ఈ సంగతి తేల్చుకోకుండా ముందుకి పోవద్దు. విక్టోరియా రూపాయిల మీద 1876 వరకు 'క్వీన్' అనీ, 1877 నుంచి 'ఎంప్రెస్' అనీ ఉంటుంది. 1862 అని ఉన్నది 1862లోనే కొట్టిందని అనుకోకండి. ఆ సంవత్సరాన్నే ఉంచి ఏళ్ళ తరబడి కొట్టారు, తర్వాతి సంవత్సరాలను బొరుసు వైపు చుక్కలతో గుర్తుపెట్టారు. ఏడో ఎడ్వర్డుకి నెత్తిన కిరీటం ఉండదు, 1903 నుంచి 1910 వరకు. అయిదో జార్జి 1911 నుంచి. ఈయన రూపాయి బొరుసు వైపు అడుగున తామరపువ్వు కింద చిన్న ఉబ్బెత్తు చుక్క ఉంటే అది బొంబాయి టంకశాలది, లేకపోతే కలకత్తాది. ఆరో జార్జి రూపాయిలు 1940 నుంచి 1945 వరకు సగమే వెండి. వాటికి నీళ్ళ పరీక్షలో 9.5 దగ్గర వస్తుంది. అది చూసి నకిలీ అని కంగారు పడవద్దు. 1947 రూపాయి నికెల్‌ది, దానిలో వెండే లేదు.

1911 రూపాయి కనబడితే ఆగి చూడండి. జార్జి అంగీ మీద హారంలో చిన్న ఏనుగు ఉంటుంది. ఆ ఏడాది అచ్చులో తొండం పొట్టిగా వచ్చి అది జనానికి పందిలా కనిపించింది. ముఖ్యంగా ముస్లింలు అభ్యంతరం చెప్పారు. మిగిలిన నాణేలను కరిగించి, 1912 నుంచి తొండం పొడుగు చేశారు. దాన్ని పంది రూపాయి అంటారు. అది బాగా అరిగినా విలువైనదే. ఇక 1939 రూపాయి చాలా అరుదు కాబట్టి 1938లోని ఎనిమిదిని చెక్కి తొమ్మిది చేసినవి తిరుగుతుంటాయి. ఆ సంవత్సరం కనిపిస్తే చివరి అంకె చుట్టూ భూతద్దం పెట్టి, అక్కడి ఉపరితలం మిగతా ఖాళీలాగే ఉందో లేదో చూడండి.

ఎత్తైన చోట్లు

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. జేబులో, మొలలో, షావుకారు గల్లాపెట్టెలో ఒకదానికొకటి రాసుకున్నప్పుడు నాణెం మీద అన్నింటికంటే పైకి ఉబ్బిన చోటే ముందు అరుగుతుంది. గడప రాయి మధ్యలో అరిగి, గోడ పక్కన కొత్తగా ఉన్నట్టే. కాబట్టి నాణెం అంతా ఒకేసారి చూడకండి. ఎత్తైన చోట్లు నాలుగైదు గుర్తుపెట్టుకుని అవే చూడండి.

జార్జి బొమ్మ వైపు నేను చూసే వరుస ఇది: కనుబొమ, చెవి, మీసం కలిసే గడ్డం, కిరీటం మీది ముత్యాల వరుస, భుజం దగ్గర అంగీ పూలు, చివరికి ఏనుగు.

చెవిని చూడండి. ఏమీ అరగని రూపాయిలో చెవి లోపలి మడత కూడా గీత గీసినట్టు తెలుస్తుంది. కొంచెం అరిగితే పైచుట్టు నున్నబడుతుంది. ఇంకా అరిగితే చెవి ఒక గుండ్రటి ముద్దలా, లోపల గుంట మాత్రం మిగిలి ఉంటుంది. చివరికి ఆ గుంట కూడా పోయి చెంపా చెవీ ఒకటైపోతాయి. గడ్డంలో వెంట్రుకల గీతలకీ అదే కథ: ముందు మధ్యలో చదునైన మచ్చ, తర్వాత ఆ మచ్చ పెరిగి అంచుల్లో మాత్రం గీతలు.

కిరీటం ముత్యాలు మంచి సాక్షులు. ముత్యం ముత్యం విడిగా లెక్కపెట్టగలిగితే నాణెం మంచి స్థితిలో ఉంది. రెండు మూడు కలిసిపోయి గొలుసులా కనిపిస్తే మధ్యరకం. వరుసంతా ఒక పట్టీలా నున్నగా ఉంటే బాగా అరిగింది.

ఏనుగు దగ్గర నేను ఎప్పుడూ కాసేపు ఆగుతాను. మూటలోని ఎనిమిది జార్జి రూపాయల్నీ వరుసగా పేర్చి ఒక్క ఏనుగునే చూస్తూ పోయాను. మొదటి దాంట్లో తొండం, కాళ్ళు, వీపు మీది గుడ్డ అన్నీ ఉన్నాయి. మూడో దాంట్లో కాళ్ళు కలిసిపోయాయి. అయిదో దాంట్లో ఏనుగని తెలిసిన కంటికే ఏనుగు. ఎనిమిదో దాంట్లో ఉత్త బుడిపె. పెద్దాయన పక్కన పెట్టింది ఆ మొదటి దాన్నే. అప్పుడు అర్థమైంది ఆయన కన్ను ఎక్కడికి పోయిందో.

మీరూ ఇలా చేయండి. ఒకే రకం నాణేలు మూడు నాలుగు ఉంటే మంచిదాని నుంచి చెడ్డదాకా వరుసగా పేర్చండి. గ్రేడు పేర్లు నోటికి రాకముందే కంటికి తేడా పట్టుబడుతుంది.

విక్టోరియా అయితే చెవి మీదుగా పోయే జుట్టు, చెంప, కిరీటం, రొమ్ము మీది అంగీ పని చూడాలి. ఎడ్వర్డుకి కిరీటం లేదు కాబట్టి చెవి పైన జుట్టు, చెవి, గడ్డం. బొరుసు వైపు అయితే పూల మధ్య బొడ్డు, ఆకుల ఈనెలు. అంచు చుట్టూ ఉన్న గట్టు అరిగి అక్షరాల్లోకి దిగిందంటే ఆ నాణెం చాలా చేతులు మారింది.

మెరుపు తిరుగుతుందా?

నాణేన్ని అంచులతో పట్టుకుని దీపం కింద నెమ్మదిగా పక్కకి వంచండి. కొత్త నాణెం మీద వెలుగు బండి చక్రం ఆకుల్లా నాణెం చుట్టూ తిరుగుతుంది. అచ్చు పడ్డప్పుడు వెండి మధ్య నుంచి అంచుకి పారిన సూక్ష్మమైన జాడల వల్ల వచ్చే మెరుపు అది. అరుగుదల ఆ జాడలను ముందు ఎత్తైన చోట్ల, తర్వాత ఖాళీల్లో చెరిపేస్తుంది. చెంప మీద మాత్రమే మెరుపు తెగిపోయి బూడిద రంగు మచ్చ కనిపిస్తే అరుగుదల ఇప్పుడే మొదలైంది. అక్షరాల సందుల్లో, పూల మూలల్లో మాత్రమే మెరుపు మిగిలి ఉంటే అది మధ్య మెట్టు. ఎక్కడా లేకపోతే కిందివైపు.

తోమిన నాణెం కూడా మెరుస్తుంది, కానీ ఆ మెరుపు తిరగదు. నాణెం అంతా అద్దంలాగో, కొత్త స్టీలు గిన్నెలాగో ఒకేసారి వెలుగుతుంది. అరిగిన చెవీ, అరగని ఖాళీ రెండూ ఒకే తెలుపులో ఉంటే చెయ్యి పడిందని అర్థం. నిజాయితీగా పాతబడిన వెండి మూలల్లో ముదురుగా, ఎత్తుల్లో లేతగా ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొన్ని నాణేలకి అచ్చే సరిగా పడదు. చెవి మొదటి రోజు నుంచే చదునుగా ఉంటుంది, దాన్ని చూసి అరిగిందని అనుకుంటాం. తేల్చుకోవడానికి ఆ చదునైన చోటు మీదే దీపం తిప్పండి. అక్కడా మెరుపు తిరుగుతుంటే అచ్చు లోపం, మొద్దుబారిపోయి ఉంటే అరుగుదల. అదే చోటుకి సరిగ్గా వెనక, బొరుసు వైపు కూడా చదునుగా ఉంటే అచ్చు లోపమేనన్న అనుమానం బలపడుతుంది.

దెబ్బలు వేరు, అరుగుదల వేరు

మన వైపు వెండి రూపాయి సగం డబ్బు, సగం నగ. మెడలో దండగా గుచ్చారు, మొలతాడుకి కట్టారు, లంబాడీ ఆడవాళ్ళు బట్టల మీదా నగల్లోనూ కుట్టుకున్నారు. అందుకని మీ నాణేనికి కొండీ పీకిన గుర్తు ఉండే అవకాశం చాలా ఎక్కువ. పన్నెండు గంటల దిక్కున, కిరీటం పైన అంచు చూడండి. అక్కడ గీతలు మూసుకుపోయి, చిన్న బొబ్బలా రంగు తేడాగా ఉంటే అది అతుకు. దాన్ని ఆకురాయితో గీరి దాచినా అంచు మీది నిలువు గీతలు ఆ ఒక్క చోట తెగిపోతాయి. రంధ్రం చేసి, తర్వాత వెండితో పూడ్చినవి కూడా ఉంటాయి. వాటికి రెండు వైపులా ఒకే చోట చుట్టు గీత కనబడుతుంది.

చిన్న చిన్న గుండ్రటి, నక్షత్రం ఆకారపు పోట్లు కనిపిస్తే అవి షరాబుల ముద్రలు. వెండి మంచిదేనా అని చూసి వాళ్ళు కొట్టిన గుర్తులు. నాకు అవంటే ఇష్టమే, ఆ నాణెం ఎవరి చేతుల్లో తిరిగిందో అవి చెబుతాయి. గ్రేడు విషయంలో మాత్రం అవి నష్టమే.

నకిలీ పోత నాణేల మీద గీతలు సబ్బు అరిగినట్టు మెత్తగా ఉంటాయి, ఖాళీల్లో సూది మొనంత గుంటలు ఉంటాయి, అంచు మీద చుట్టూ ఒక అతుకు గీత పోతుంది. అరిగిన నాణెంలో ఎత్తులు మొద్దుగా ఉన్నా పల్లాల్లో గీతలు పదునుగానే ఉంటాయి. రెండూ మెత్తగా ఉంటే నమ్మకండి.

ఇలాంటి దెబ్బ ఉన్న నాణేనికి గ్రేడు చెప్పేటప్పుడు రెండూ కలిపి చెప్పండి: "వీఎఫ్ వివరాలు, అతుకు తీసిన గుర్తు ఉంది" అని (వీఎఫ్ అంటే ఏమిటో కింద చెబుతాను). దాచితే కొన్నవాళ్ళు మళ్ళీ మీ గడప తొక్కరు.

ఇప్పుడు గ్రేడు

లోకమంతా వాడేది 1 నుంచి 70 వరకు ఉన్న మెట్ల లెక్క. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ తన దేశపు పెద్ద రాగి సెంట్ల కోసం దాన్ని తయారుచేశాడు. మనవైపు సేకరించేవాళ్ళు అంకెలకంటే అక్షరాలే ఎక్కువ వాడతారు. పేర్లు విని మోసపోవద్దు. 'గుడ్' అంటే మంచిదని కాదు, బాగా అరిగిందని. బొమ్మ నీడలా, గట్టు అక్షరాలలో కలిసి ఉంటుంది. 'వీజీ' (వెరీ గుడ్) అంతకంటే ఒక మెట్టు మేలు. 'ఫైన్' అంటే కిరీటం రూపు తెలుస్తుంది, ముత్యాలు పట్టీ అయిపోయి ఉంటాయి, ఏనుగు ముద్ద. అమ్మమ్మల పెట్టెల్లో దొరికేవాటిలో ఎక్కువభాగం ఇక్కడా, దీని పై మెట్టులోనూ ఉంటాయి.

ఆ పై మెట్టు 'వీఎఫ్' (వెరీ ఫైన్): చెవి చుట్టు నున్నబడినా లోపల ఆకారం ఉంది, ముత్యాలు చాలావరకు విడివిడిగా ఉన్నాయి, ఏనుగు ఏనుగే. 'ఎక్స్ఎఫ్' (ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్) అంటే అరుగుదల ఎత్తైన చోట్ల కొసల మీదే, మూలల్లో మెరుపు ఇంకా ఉంది. కొందరు దీన్నే 'ఈఎఫ్' అంటారు. 'ఏయూ' (అబౌట్ అన్‌సర్క్యులేటెడ్, అంటే దాదాపు చేతులు మారనిది) అంటే కనుబొమ, చెంప మీద చిన్న రాపిడి తప్ప మిగతాదంతా మెరుపు తిరుగుతోంది. 'యూఎన్‌సీ' (అన్‌సర్క్యులేటెడ్) అంటే అసలు అరుగుదలే లేదు. సంచుల్లో ఒకదానికొకటి తగిలిన చిన్న నొక్కులు దానికీ ఉండవచ్చు, అవి అరుగుదల కిందికి రావు.

రెండు వైపులకీ విడివిడిగా గ్రేడు కట్టి తక్కువదాన్నే చెప్పండి. ఫైన్, వీఎఫ్ మధ్య మనసు ఊగితే ఫైన్ అనే రాసుకోండి. సొంత నాణెం మీద మమకారం కన్నుని మోసం చేస్తుంది, నాకు ఇప్పటికీ చేస్తుంది. అందుకే ఒకసారి రాసి, వారం తర్వాత ఆ చీటీ చూడకుండా మళ్ళీ కడతాను. రెండుసార్లూ ఒకటే వస్తే అప్పుడే నమ్ముతాను.

చార్మినార్ రూపాయి

తెలంగాణ ఇళ్ళలో రెండు రకాల రూపాయిలు దొరుకుతాయి: ఇంగ్లీషువాళ్ళ కల్దారు, నిజాం హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానంగా నడిచేవి. చార్మినార్ ఉన్న నిజాం రూపాయి తూకం 11.18 గ్రాములే, వెండి 81.8 శాతమే, 1940ల రూపాయిల్లో అయితే సగానికి తగ్గించారు. కల్దారు లెక్కతో తూచి "అర గ్రాము తక్కువ, నకిలీ" అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

చార్మినార్ నడిమి కమాను కింద ఒక అక్షరం ఉంటుంది. 'మీమ్' అయితే మహబూబ్ అలీ ఖాన్, 'అయిన్' అయితే ఉస్మాన్ అలీ ఖాన్. అరుగుదల చూడడానికి ముందు మినార్ల కొసలు, వాటి నడుముల చుట్టూ ఉన్న వసారాల గీతలు, తర్వాత కమాను పైన చిన్న కిటికీల వరుస చూడండి. కిటికీలు విడివిడిగా లెక్కకి వస్తే వీఎఫ్ పైమాటే. సంవత్సరం హిజ్రీలో, పార్సీ అంకెల్లో ఉంటుంది. 1330 అంటే మన 1911-12.

బయటికి చూపించే ముందు

గ్రేడు, తూకం రాసుకున్నాకే వ్యాపారి దగ్గరికి వెళ్ళండి. ఫైన్ స్థాయి 1918 రూపాయికి వెండి విలువ కంటే పెద్దగా ఎక్కువ రాదు, అది మోసం కాదు. ఎక్స్ఎఫ్ పైన ఉన్నదాన్ని వెండి లెక్కలో అడిగితే మాత్రం ఇవ్వకండి.

విదేశాల్లో ఉండే మనవాళ్ళకి ఒక మాట. నూరేళ్ళు నిండిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. 1918 రూపాయికి నూరేళ్ళు ఎప్పుడో నిండాయి. నాయనమ్మ జ్ఞాపకంగా సూట్‌కేసులో వేసుకుని విమానాశ్రయానికి వెళ్ళకండి. ఇంట్లో ఉన్నవాళ్ళ దగ్గరే భద్రంగా ఉంచండి.

భద్రం అంటే: రబ్బరు బ్యాండు చుట్టకండి, దాంట్లోని గంధకం నాణెం మీద నల్లటి చార వేస్తుంది. మెత్తగా, వాసన వచ్చే ప్లాస్టిక్ కవర్లు వద్దు, కొన్నేళ్ళకి వాటిలోంచి ఆకుపచ్చ జిగురు దిగి వెండిని తినేస్తుంది. నాణేలకని అమ్మే మైలార్ కవర్లలో ఒక్కొక్కటి విడిగా పెట్టి, తేమ తగలని బీరువా అరలో ఉంచండి. ప్రతి కవరుతో ఒక చీటీ. మా మూటలో 11.52 గ్రాములు తూగిన రూపాయి చీటీ ఇలా ఉంది:

అయిదో జార్జి, 1918, బొంబాయి (తామర కింద చుక్క). 11.52 గ్రా., నీళ్ళలో 1.11. బొమ్మ వీఎఫ్, బొరుసు వీఎఫ్ కంటే కొంచెం మేలు. చెవి చుట్టు నున్నన, మూడు ముత్యాలు కలిసిపోయాయి, ఏనుగు తొండం ఉంది. అతుకు లేదు, రంధ్రం లేదు. 'ఎంపరర్' అక్షరాల సందుల్లో పాత కుంకుమ, తియ్యలేదు. అమ్మమ్మ పెట్టెలోది.